కదిలింది చూపుడువేలు మాత్రమే

ఈ వారంలో నలుగురు మిత్రులు నాకు పంపిన సందేశం ఒక్కటే. అమెరికా జనం 2012లోనూ 2013లోనూ ఆన్‌లైన్‌లో ఓటేసి, వీడియో గేముల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను దేశంలోకెల్లా చెడ్డ కంపెనీగా తేల్చారట. కనుక ఉద్యమాలు ఎవరిపై గురిపెట్టాలో ఇకపై ఇలాంటి సరదా పోటీలే నిర్ణయించాలట. ఖర్చు లేదు, యువత కదులుతుంది, అదే అసలైన ప్రజాతీర్పు, పైగా కంపెనీలు దారికొస్తాయి అన్నవి అందులోని వాదనలు.

ఖర్చు లేని మాట నిజమే. అరుగు మీద కూర్చుని తిట్టడానికీ ఖర్చు కాదు. యువత విషయానికొస్తే, కదిలింది చూపుడువేలు మాత్రమే.

నా పేచీ అంతా ప్రజాతీర్పు అన్న మాటతోనే. కన్స్యూమరిస్ట్ అనే వెబ్‌సైట్ కంపెనీలను జతలుజతలుగా పోటీకి నిలిపి, ఎక్కువ తిట్లు పడినదాన్ని పై రౌండుకు పంపుతూ, చివరికి నెగ్గినదానికి బంగారు రంగు మలం ముద్దను బహూకరించిన ఆట అది. 2012 ఫైనల్లో ఎదురుపడింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. ఇళ్ల జప్తు పత్రాలపై సిబ్బంది చదవకుండానే వరసగా సంతకాలు గీకేశారన్న గొడవలో 2010 అక్టోబరులో దేశమంతటా జప్తులను ఆపుకోవలసివచ్చిన బ్యాంకు అది. ఆ అక్రమాలపై 2012 ఫిబ్రవరిలో 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి దిగివచ్చిన ఐదు బ్యాంకుల్లో ఒకటి. మరి గేముల కంపెనీ చేసిన మహాపరాధాలో? మాస్ ఎఫెక్ట్ 3 అనే గేము ముగింపు అభిమానులకు నచ్చలేదు, అదనపు హంగులకు విడిగా డబ్బు గుంజింది. ‘కిరీటం’ దానికే దక్కింది! మరుసటి ఏడాదీ అదే జోడీ, అదే ఫలితం. రాత్రంతా తెర ముందు గడిపేవారికి ఓటు వేయడం చిటికెలో పని. సామాను అట్టపెట్టెల్లో సర్దుకుంటున్న కుటుంబానికి ఆ తీరిక ఎక్కడిది? ఇలాంటి జాబితాను పట్టుకుని ఉద్యమానికి బయలుదేరితే, గొంతు పెద్దదైనవాడి అలక ముందు వరసలోకి, ఇల్లు పోయినవాడి గోడు వెనక వరసలోకి పోతాయి.

కంపెనీలు దారికొస్తాయన్న మాటనూ కొట్టిపారేయాలనే కూర్చున్నాను గానీ, కుదరలేదు. పాత డిస్కు కొనుక్కున్నవారి దగ్గర ఆన్‌లైన్ ఆటకు వేరుగా వసూలు చేసే ‘ఆన్‌లైన్ పాస్’ పద్ధతిని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2013 మే నెలలో ఎత్తేసింది. అది ఓట్ల వల్లేనని చెప్పలేను, సిగ్గు పనిచేయలేదనీ అనలేను. ఓటేసినవాడు రేపటి గేము కొనకపోతే నష్టం కంపెనీదే కదా. బ్యాంకు బాకీదారుకు ఆ బేరం కూడా లేదు: 2008లో ఇంటి అప్పుల సంస్థ కంట్రీవైడ్‌ను కొన్నప్పుడు దాని అప్పుల వ్యవహారం బ్యాంక్ ఆఫ్ అమెరికా చేతికి వచ్చింది, అప్పు తీసుకున్నవారిని మాత్రం ఎవరూ ఓటు అడగలేదు.