ఆర్కెస్ట్రా కండక్టర్ ‘కర్ర ఊపే మనిషి’ కాదు

కొంతకాలంగా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: ఆర్కెస్ట్రా, అంటే పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద బృందం ముందు నిలబడి, చిన్న కర్రతో సైగలు చేస్తూ దాన్ని నడిపే కండక్టర్ ఏ వాయిద్యమూ వాయించడు. వాయించేవాళ్ల ముందు నోట్స్ ఉంటాయి కాబట్టి ఆయన లేకపోయినా కచేరీ ఆగదు. కండక్టర్ లేని ఆర్కెస్ట్రాలూ ఉన్నాయి, రిహార్సల్ లేకుండా వేదికెక్కి మెప్పించిన కండక్టర్లూ ఉన్నారు. కాబట్టి ఆ పేరూ ఆ డబ్బూ ఊరికే వచ్చినవి. ఇది చదివి ఊరుకోలేకపోయాను. ఒక మనిషి జీవితమంతా పెట్టి నేర్చుకునే పనిని నాలుగు వాక్యాల్లో కొట్టిపారేశారు.

ముందుగా ఆ నోట్స్ సంగతి. క్లారినెట్ అనేది ఊదే వాయిద్యం. రెండో క్లారినెట్ వాయించే వ్యక్తి ముందున్న కాగితంలో రెండో క్లారినెట్ భాగమే ఉంటుంది. పక్కవాళ్లు ఏం వాయిస్తున్నారో అందులో దాదాపు ఉండదు. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన. స్వరకర్త ద్వొరాక్ తొమ్మిదో సింఫనీ మొత్తంలో సింబల్ అనే లోహపు తాళం ఒకే ఒక్కసారి, చివరి భాగంలో మోగుతుంది. అంటే దాన్ని వాయించే వ్యక్తి కాగితం దాదాపు ఖాళీయే. అన్ని వాయిద్యాల వరసలూ ఒకచోట ఉండే స్కోర్ కండక్టర్ ముందే ఉంటుంది. ఒక్కో పేజీలో ఇరవైకి పైగా వరసలు ఉండొచ్చు. పైగా అన్నీ రాసినట్టు వినిపించవు. పాశ్చాత్య సంగీతంలో స్వరాలను ‘సి’, ‘ఎఫ్’ లాంటి అక్షరాలతో పిలుస్తారు. మామూలుగా వాడే క్లారినెట్‌కు ‘సి’ అని రాసి ఉంటే వినిపించేది ‘బి-ఫ్లాట్’ అనే వేరే స్వరం. హార్న్ అనే ఇత్తడి ఊదే వాయిద్యానికి అదే ‘సి’ రాస్తే కింది ‘ఎఫ్’ పలుకుతుంది. ఇవన్నీ ఒక్క చూపులో చదివి, ఏ వాయిద్యమూ మోగకముందే మొత్తం శబ్దాన్ని మనసులో వినగలగాలి. రిహార్సల్‌లో అరవై మంది వాయిస్తుండగా మూడో హార్న్ ఒక్క స్వరం తప్పితే పట్టుకోవాలి కూడా.

సరే, అందరికీ నోట్స్ ఉన్నాయనే అనుకుందాం. బీతోవెన్ ఐదో సింఫనీ మొదలు ఎలా ఉంటుందో చూడండి. మొట్టమొదట రాసి ఉన్నది స్వరం కాదు, అర క్షణం కూడా లేని నిశ్శబ్దం. తర్వాత మూడు పొట్టి స్వరాలు, ఆ పైన ఆపి పట్టుకోవాల్సిన ఒక పొడుగు స్వరం. ఎంతసేపు పట్టుకోవాలి? కాగితంలో గుర్తు ఉంది, కొలత లేదు. వేగానికి బీతోవెన్ స్వయంగా ఇచ్చిన మెట్రోనోమ్ అంకె, అంటే నిమిషానికి పడాల్సిన దెబ్బల లెక్క, 108. అది మరీ వేగమని చాలామంది కండక్టర్లు తగ్గించి నడిపారు, కొందరు దానికే కట్టుబడ్డారు. ఇందులో ఎవరి వాదన సరైందనేది ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ రాత్రి ఆ హాల్లో ఏదో ఒకటి తేలాల్సిందే. వాయించేవాళ్లలో ఎవరికి వారే తేల్చుకుంటే మొదటి నాలుగు స్వరాలే చెదిరిపోతాయి.

కండక్టర్ లేని ఆర్కెస్ట్రాల మాట నిజమే. మాస్కోలో 1922 నుంచి 1932 దాకా పెర్సిమ్‌ఫాన్స్ అనే బృందం అలాగే నడిచింది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రా కూడా అంతే. ఆ రెండింటి మీదా నాకు గౌరవం ఉంది. కానీ మాస్కో బృందం ఒకరికొకరు కనిపించేలా గుండ్రంగా కూర్చోవాల్సి వచ్చింది. ఆర్ఫియస్ చిన్న బృందం, అక్కడ సభ్యులే వంతులవారీగా నాయకత్వం తీసుకుని రిహార్సల్‌లో చర్చించుకుంటారు. అంటే ఆ పనిని పదిమంది పంచుకున్నారు. అనవసరమైన పనైతే పంచుకోవాల్సిన అవసరమే రాదు.

ఆ మెసేజ్ అసలు ముట్టుకోని విషయం ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం. వాయించేవాళ్లు వేదిక ముందున్న పిట్‌లో, గుంటలాంటి చోట కూర్చుంటారు. గాయకులు పైన నటిస్తూ, నడుస్తూ, ఒక్కోసారి కత్తియుద్ధం చేస్తూ పాడతారు. వాళ్ల చేతిలో కాగితం ఉండదు. పిట్‌కు 20 మీటర్ల వెనక నిలబడ్డ గాయకుడికి వాద్యాల శబ్దం సుమారు 0.06 సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అది విని పాడితే, ఆ పాట తిరిగి హాల్లోకి వచ్చేసరికి ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందుకే చెవిని పక్కనపెట్టి కండక్టర్ చేతిని చూసి పాడాలి. తెర పక్కన నిలబడ్డ కోరస్ (బృందగాయకులు) కోసం కండక్టర్‌ను చూపే స్క్రీన్లు పెడతారు. గాయని ఊపిరి చాలక ఒక వాక్యం త్వరగా ముగిస్తే, లేదా కంగారులో రెండు వరసలు దాటేస్తే, పిట్‌లో ఉన్న అంతమందినీ ఆ క్షణంలో ఆమె దగ్గరికి చేర్చాల్సింది ఆయనే. ఆ టెన్షన్ ప్రేక్షకులకు తెలియదు, తెలియకూడదు కూడా.

రిహార్సల్ లేకుండా మెప్పించారన్నది లెనార్డ్ బెర్న్‌స్టైన్ గురించి. 1943 నవంబర్ 14న కచేరీ నడపాల్సిన కండక్టర్ బ్రూనో వాల్టర్‌కు జబ్బు చేస్తే, 25 ఏళ్ల బెర్న్‌స్టైన్ కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్హార్మానిక్‌ను నడిపారు. మెసేజ్ ఇంతవరకే చెప్పి ఆగింది. ఆయన అప్పటికే ఆ ఆర్కెస్ట్రా అసిస్టెంట్ కండక్టర్. ఏ రోజు పిలుపు వచ్చినా నిలబడేలా స్కోర్లు చదివి ఉండటమే ఆయన ఉద్యోగం. ఆర్కెస్ట్రా ఆ కార్యక్రమాన్ని వాల్టర్‌తో ముందే రిహార్సల్ చేసింది. ఆ రోజు బెర్న్‌స్టైన్ జబ్బుతో ఉన్న వాల్టర్ దగ్గరికి వెళ్లి స్కోర్ చూసుకుని వచ్చారు కూడా.

ఇక పేరూ డబ్బూ. కొందరు కండక్టర్ల పారితోషికం మరీ ఎక్కువన్న విమర్శలో న్యాయం ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ‘ఊరికే’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరమంతా. కండక్టర్ గేయార్గ్ షోల్టి సంగతి చూడండి. 1912లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఈయన అక్కడి ఒపెరాలో రెపెటిటర్‌గా చేరారు. పియానో ముందు కూర్చుని గాయకులకు వాళ్ల భాగాలను ఒక్కో వాక్యం చొప్పున నేర్పించే పని అది. కర్ర పట్టే అవకాశం ఏళ్లకేళ్లు రాలేదు, యూదు కావడం అడ్డొచ్చింది. 1937లో ఆస్ట్రియాలోని జాల్జ్‌బర్గ్‌లో టోస్కానీని అనే పేరున్న కండక్టర్ దగ్గర కూడా రెపెటిటర్ పనే చేశారు. చివరికి 1938 మార్చి 11న బుడాపెస్ట్‌లో మోట్సార్ట్ ఒపెరా ‘ఫిగారో’ నడపనిచ్చారు. మర్నాడే నాజీ జర్మనీ సైన్యం పక్కదేశమైన ఆస్ట్రియాలోకి దిగింది. 1939లో స్విట్జర్లాండ్ వెళ్లిన ఆయన యుద్ధం వల్ల అక్కడే చిక్కుకుపోయారు. తండ్రిని మళ్లీ చూడలేదు. కండక్టర్‌గా పని దొరక్క పియానో వాయించి బతికారు, 1942లో జెనీవా పోటీలో పియానిస్టుగానే గెలిచారు.

1946లో మ్యూనిక్ ఒపెరా బాధ్యత చేతికి వచ్చేసరికి ఆయన నడిపిన ఒపెరాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ పియానో దగ్గర గడిపిన ఏళ్లలో ఆయన గాయకుల ఊపిరిని దగ్గర నుంచి చూసి ఉన్నారు. ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్, 1961 నుంచి లండన్ కోవెంట్ గార్డెన్, 1969 నుంచి 22 ఏళ్లు షికాగో సింఫనీ. స్వరకర్త వాగ్నర్ ‘రింగ్’ అనే వరుసలోని నాలుగు ఒపెరాలను వియన్నాలో రికార్డు చేయడానికి 1958 నుంచి 1965 దాకా పట్టింది. మెసేజ్ ఎత్తిచూపే ఆ పేరు, 31 గ్రామీ సంగీత అవార్డులతో సహా, ఇదంతా చేశాకే వచ్చింది.