సవరణ: దామిని యాప్ గురించి నేను రాసిన దానిలో రెండు తప్పులు

మొన్న ఇక్కడ "దామిని యాప్ ఒక్కటి ఫోన్‌లో ఉంటే వాన, వరద, పిడుగు అన్నీ ముందే తెలుస్తాయి" అని రాశాను. అది తప్పు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని పిడుగుల కోసమే. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపులుంటే హెచ్చరిస్తుంది. అందుకు ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. భారీ వర్షం, వరద లాంటి హెచ్చరికలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ యాప్ వేరే పెట్టుకోవాలి. డిండి వాగు దాటి రోజూ పనికి పోయేవాళ్లకు ఇది మరీ అవసరం.

రెండో తప్పుకే నాకు ఎక్కువ బాధగా ఉంది. పిడుగులు పడేటప్పుడు చేనులో చిక్కుకుంటే నేల మీద బోర్లా పడుకోమన్నాను. దేవరకొండ వైపు పత్తి రైతు ఒకాయన "తడి నేల మీద పడుకోవచ్చా అన్నా?" అని అడిగాకే సరిచూసుకున్నాను. పడుకోకూడదు. పిడుగు కరెంటు నేలలోనూ పాకుతుంది, ఒళ్లు నేలకు ఎంత ఎక్కువ ఆనితే అంత ముప్పు. ఉరుము వినగానే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. చేను దగ్గరి రేకుల కొట్టం, వేపచెట్టు పనికిరావు. ఏ దారీ లేకపోతేనే పాదాలు దగ్గరపెట్టి, తల వంచి, గొంతుక్కూర్చోవాలి.

పాత పోస్టును వాట్సాప్‌లో పంపినవాళ్లు దయచేసి ఇది కూడా అదే గ్రూపుల్లో పెట్టండి.