పళ్లు కట్టించేశాం కదా, ఇంకేం కావాలి?

మా పర్లాకిమిడిలో కట్టుడు పళ్లున్న పెద్దవాళ్లకి కొదవ లేదు. వాటితో అన్నం తినేవాళ్లే తక్కువ. పెళ్లిలో ఫొటోకి పెట్టుకుంటారు, పంక్తిలో కూర్చోగానే తీసి రుమాల్లో చుట్టేస్తారు. పిల్లల్ని అడిగితే ఒకటే మాట: "అంత డబ్బు పోసి కట్టించాం, ఆవిడే పెట్టుకోదు." నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పెట్టుకోకపోవడం మొండితనం కాదండీ. పన్ను పీకాక దాని కింది ఎముక కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదే ఎక్కువ కరుగుతుంది, అందులోనూ కింది దవడ మరీ ఎక్కువ. పై సెట్టు అంగిలిని పట్టుకుని నిలబడుతుంది. కింది సెట్టుకి ఆ ఆసరా లేదు, పైగా నాలుక నెడుతూ ఉంటుంది. ఎంత బాగా కుదిరిన సెట్టుతోనైనా సొంత పళ్ల బలంలో నాలుగో వంతు వస్తే గొప్ప. అలాంటిది, కట్టించిన రోజునే జంతిక చేతిలో పెట్టి "కొరుకు చూద్దాం" అంటారు!

మా పిన్నికి కింది సెట్టు ఒరుసుకుని ఎడమవైపు కందిగింజంత పుండు పడింది. తమ్ముడేమో "మళ్లీ బరంపురమా? నాకు సెలవు లేదు" అన్నాడు. ఆవిడ కూడా "నాకెందుకురా ఈ వయసులో, జావ తాగుతాను" అంది. అదిగో, ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ హాయి! చివరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు పుండు మీద రంగు పూసి, సెట్టు పెట్టి తీశాడు. ప్లాస్టిక్ మీద ఆ రంగు అంటినచోట కాస్త అరగదీశాడు. రెండు నిమిషాల పని. వెళ్లేముందు రోజు సెట్టు పెట్టుకునే ఉండాలట, లేకపోతే ఒరుసుకునే చోటు కనబడదు.

ఈ తిరుగుడు పడలేకే కొందరు "గంటలో ఫిక్స్‌డ్ పళ్లు" అనేవాళ్ల దగ్గరికి పోతారు. వాళ్లు చేసేదేంటంటే, గట్టిపడే ప్లాస్టిక్ ముద్దని పక్క పళ్లకి అతికించేయడం. తియ్యడానికి రాదు, కడగడానికి రాదు. కింద మెతుకులు కుళ్లి, బాగున్న పళ్లు కూడా కదులుతాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పంటి వైద్యం చేయకూడదని 1948 నుంచీ చట్టం ఉంది. సంతలో ఎవరడుగుతారు?

ఇంకొకటి, ఇది మన వైపు వాళ్లకే చెప్పాలి. అడ్డపొగ తాగిన ఆడవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాలిస్తే దెబ్బ తగిలేది అంగిలికి. పై సెట్టు కప్పేసేదీ ఆ అంగిలినే. తెల్ల మచ్చో మానని పుండో ఉంటే క్యాన్సర్ కూడా కావచ్చు. సెట్టు కోసం నోటి అచ్చు తీయించే ముందే అక్కడ చూడమని డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి, ఆ తర్వాత కూడా ఏడాదికోసారి చూపించండి.

రాత్రి తీసి మామూలు నీళ్లలో వేయాలి. మరిగే నీళ్లు పోస్తే వంకర పోతుంది, టూత్‌పేస్ట్‌తో రుద్దితే గీతలు పడతాయి. కింది దవడలో రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే స్క్రూలు, వేయించి సెట్టుని వాటికి తగిలిస్తే కదలదు, నిజమే. అంత ఖర్చు అందరి వల్లా కాదు. బస్సు ఛార్జీలు మాత్రం పెట్టుకోగలం కదా! ఇన్నిసార్లు వెళ్లాలి మరి: అచ్చు, మైనంతో దవడల కొలత, ట్రయల్, సెట్టు ఇచ్చే రోజు, ఆపైన అరగదీయించుకోవడానికి ఒకటి రెండుసార్లు. ఎవరు ఏ రోజు తీసుకెళ్తారో అన్నదమ్ములు ముందే తేల్చుకుని, అప్పుడు అడ్వాన్సు కట్టండి.