మిర్చి చేలో క్షయ మందు

మిరప ఆకు ముడుచుకోగానే రైతు పురుగుమందుల దుకాణానికి పరుగెడతాడు. అడిగిన డబ్బాతో పాటు 6 గ్రాముల పొట్లం ఒకటి చేతిలో పడుతుంది. 'ఇదీ కలిపి కొట్టు, ఏ తెగులూ అంటదు' అన్న మాట దానికి కొసరు. పొట్లంలో ఉండేది 9 పాళ్ళు స్ట్రెప్టోమైసిన్, 1 పాలు టెట్రాసైక్లిన్. మొదటిది 1943లో బయటపడి, క్షయను లొంగదీసిన తొలి మందు. రెండోదాని కుటుంబంలో పెద్దక్క ఆరియోమైసిన్. అది 1948లో వెలువడింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే. అలాంటి మందులను గుంటూరు చేలలో ముడతకు పిచికారీ చేస్తున్నారు.

ముడతను అవి తగ్గించవు, తగ్గించలేవు. బ్యాక్టీరియా తన ప్రోటీన్లను రైబోజోమ్ అనే యంత్రం మీద తయారు చేసుకుంటుంది. స్ట్రెప్టోమైసిన్ ఆ యంత్రంలోని చిన్న ముక్కకు అతుక్కుని సందేశాన్ని తప్పుగా చదివిస్తుంది. టెట్రాసైక్లిన్ అదే ముక్క మీద అడ్డంగా కూర్చుని, ముడిసరుకు తెచ్చే అణువుకు చోటు లేకుండా చేస్తుంది. ఆ తరహా రైబోజోమ్ ఉంటేనే మందుకు పని. తామర పురుగుది, నల్లిది, కాయకుళ్ళు తెచ్చే శిలీంధ్రానిది వేరే తరహా. వైరస్‌కైతే సొంత రైబోజోమే లేదు. ఆకు అంచులు దోనెలా పైకి లేస్తే తామర పురుగు, కిందికి తిరగబడితే నల్లి, ఆకులు చిన్నవై మొక్క గిడసబారితే బొబ్బర వైరస్. మూడింటిలో దేనికీ ఈ పొట్లం పనికిరాదు.

విచిత్రమేమిటంటే చేలో ఆ తరహా రైబోజోమ్ ఉన్నది ఇంకొకటి ఉంది: మిరప ఆకులోని పత్రహరితం గూడు. మోతాదు పెంచి కొడితే దెబ్బ అక్కడ తగిలి ఆకు పాలిపోతుంది. దాన్ని ధాతులోపం అనుకుంటే మరో డబ్బా కొనాల్సిందే.

నిజంగా బ్యాక్టీరియా తెగులే అయితే? మిరపలో ఆకుమచ్చ, వరిలో ఎండాకు తెగులు అలాంటివే. ఆకుమచ్చ మొదట నీటిలో నానినట్టు చిన్న చుక్కగా కనిపిస్తుంది, తర్వాత నల్లబడుతుంది, ఆకు పసుపెక్కి రాలుతుంది. ఎండాకు తెగులును తేల్చుకోవడానికి ఆకును కోసి, కోసిన అంచును గాజు గ్లాసు నీళ్ళలో ముంచితే చాలు. కొద్ది నిమిషాల్లో జిగురు దారంలా కిందికి జారితే బ్యాక్టీరియానే. వీటికి 10 లీటర్లకు 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, దానితో పొట్లంలోని ఈ యాంటీబయాటిక్ 1 గ్రాము కలపమన్న సిఫారసు ఏళ్ళుగా ఉంది. అందులోనూ తప్పులు దొర్లుతాయి. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో మిశ్రమంలో స్ట్రెప్టోమైసిన్ విరిగిపోతుంది. టెట్రాసైక్లిన్ ఎండకు నిలవదు, మిట్టమధ్యాహ్నం కొడితే ఆ పాలు వృథా.

లెక్క చూడండి. ఎకరాకు 200 లీటర్ల ద్రావణమంటే 20 గ్రాముల మందు, అందులో 18 గ్రాములు స్ట్రెప్టోమైసిన్. క్షయ రోగికి రోజుకు 1 గ్రాముకు మించి ఇంజెక్షన్ ఇవ్వరు. పద్దెనిమిది రోజుల చికిత్స ఒక్క పూటలో ఆకుల మీంచి మట్టిలోకి, కాలువలోకి కారిపోతుంది.

భయం క్షయ గురించి కాదు. ఆ క్రిమి బయటి క్రిముల నుంచి జన్యువులు అరువు తెచ్చుకోదు. అసలు భయం మట్టిలో, మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి. స్ట్రెప్టోమైసిన్‌ను పనికిరాకుండా చేసే ఒకే జన్యువుల జంట పంట తెగుళ్ళ బ్యాక్టీరియాలోనూ, మనుషుల బ్యాక్టీరియాలోనూ కనిపించింది. 1960ల తొలినాళ్ళకే ఫ్లోరిడాలో మిరప, టమాటా ఆకుమచ్చ బ్యాక్టీరియా ఈ మందుకు మొండికేసింది. ఇక టెట్రాసైక్లిన్ చెల్లెలు డాక్సీసైక్లిన్ స్క్రబ్ టైఫస్‌కు మొదటి మందు. ఆ జ్వరం పొలాల్లో, పొదల దగ్గర తిరిగేవాళ్ళకే ఎక్కువగా వస్తుంది.

2021 డిసెంబరులో కేంద్రం ఈ రెండు మందులను సాగులోంచి తప్పించేందుకు ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది, 2024 జనవరి 1 నుంచి వాడకమే ఉండరాదని అందులో గడువు పెట్టింది. ఆ తేదీ దాటిపోయింది, పొట్లం మీద నమ్మకం మాత్రం పోలేదు. కాగితం మీద గడువు రాస్తే సరిపోదు, దుకాణంలో కౌంటరు దగ్గర ఎవరో ఒకరు తెగులు పేరు అడగాలి. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫాం శాస్త్రవేత్తల సలహాలు ఊరికి చేరాలి. విత్తనం నాడే జాగ్రత్తపడితే సగం పని తప్పుతుంది: వైరస్ భయానికి లీటరు నీటిలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ కరిగించి, కిలో విత్తనాన్ని 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి నీడన ఆరబెట్టడమే.

ప్రతి రైతు సేవా కేంద్రంలో పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి, తెల్లకాగితం ఒకటి ఉంచాలని మేం కోరుతున్నాం. చేలోంచి తెచ్చిన పూతను కాగితం మీద తట్టి చూడాలి. సన్నటి పురుగులు రాలి కదిలాయంటే ఆ రోజు చీటీలో యాంటీబయాటిక్ రాయనక్కర్లేదు.