అర్జీలు చింపిన న్యాయాధికారి

చిన్నప్పుడు మా ఊరి తాలూకా ఆఫీసు అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. చంకలో గుడ్డసంచి, అందులో కాగితాల కట్ట. ఏదో పొలం తగాదా అనేవారు. కొత్త మొహం కనిపిస్తే చాలు, సంచి విప్పి ఒక్కో కాగితం తీసి చూపించేవాడు. బడికి వెళ్తూ మేం ఆయన్ని "పిచ్చి తాత" అనేవాళ్ళం. పిచ్చి ముందు వచ్చిందా, కేసు ముందు వచ్చిందా అన్న అనుమానం మాలో ఎవరికీ రాలేదు.

నలభై ఏళ్ళ తర్వాత, మా అమ్మాయి కాలేజీ థియేటర్‌లో కూర్చుని ఉండగా ఆయన గుర్తొచ్చాడు. ఆ రోజు నాటకం 'ద స్పానిష్ ట్రాజెడీ'. "హామ్లెట్ లాంటిదే నాన్నా, రక్తం కాస్త ఎక్కువ" అని చెప్పి తీసుకెళ్ళింది. థామస్ కిడ్ 1580లలో రాసిన నాటకం ఇది. అంటే షేక్‌స్పియర్ హామ్లెట్ కంటే ముందుదే. పగ, పిచ్చి, దెయ్యం, నాటకంలో నాటకం, ఇవన్నీ లండన్ జనానికి అప్పటికే ఇందులో అలవాటైపోయాయి.

కథ చెప్తాను. హియరోనిమో స్పెయిన్ రాజు కొలువులో న్యాయాధికారి. జనం తగవులు విని తీర్పు చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన కొడుకు హొరేషియోని ఒక రాత్రి సొంత తోటలోని పందిరికే ఉరేసి, పొడిచి చంపుతారు. చేయించినవాడు లొరెంజో, సాక్షాత్తూ రాజుగారి తమ్ముడి కొడుకు. వాడికి తోడు పోర్చుగల్ యువరాజు బల్తజార్. కేకలు విని పక్క మీద నుంచి లేచి వచ్చిన తండ్రే శవాన్ని దింపుతాడు. కొడుకు రక్తంతో తడిసిన చేతిరుమాలు దాచుకుంటాడు, పగ తీరేదాకా అది వదలనంటాడు.

ఇలాంటి నాటకాల గురించి మనకి స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. పగ పట్టినవాడికి మతి పోతుంది, మతి పోయినవాడు చంపుతాడు అని. నాకు ఈ వరస తప్పనిపిస్తోంది. కనీసం ఈ నాటకంలో జరిగింది అది కాదు. హియరోనిమో మొదట వెతికింది కత్తి కోసం కాదు, రుజువు కోసం. లొరెంజో చెల్లెలు బెల్-ఇంపీరియా రక్తంతో రాసిన ఉత్తరం ఆయన చేతికొస్తుంది, హంతకుల పేర్లతో సహా. అయినా నమ్మడు. ఇదేమైనా ఉచ్చేమో అని ఆగుతాడు. రెండో సాక్ష్యం దొరికాకే రాజు దగ్గరికి బయల్దేరతాడు. ఇంత పద్ధతిగా నడిచేవాడు పిచ్చివాడైతే మన కోర్టుల నిండా పిచ్చివాళ్ళే ఉండాలి.

రాజు ముందు "న్యాయం, న్యాయం" అని అరుస్తాడు. లొరెంజో అడ్డం వచ్చి, వెనక్కి వెళ్ళు, రాజుగారు పనిలో ఉన్నారు, కనిపించడం లేదా అంటాడు. హాల్లో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "సార్ బిజీగా ఉన్నారు, సోమవారం రండి" అన్న మాట చెవిలో మోగింది.

ఇక ఏం చెయ్యాలో తెలియక హియరోనిమో బాకుతో నేల తవ్వుతాడు, కింద లోకంలో ఉన్న కొడుకుని తీసుకొచ్చి దెబ్బలు చూపిస్తానని. సభలో అందరికీ కనిపించింది ఆ తవ్వడం ఒక్కటే. ఆయన వెళ్ళిపోయాక లొరెంజో మెల్లగా రాజు చెవిన వేస్తాడు: పాపం మతి చలించింది, కొడుక్కి రావలసిన డబ్బు మీద ఆశ, ఉద్యోగం నుంచి తప్పిస్తే మంచిది. రాజు చెడ్డవాడు కాదు. ఉద్యోగం తీసేస్తే ఆయన ఇంకా కుంగిపోతాడని ఒప్పుకోడు. కానీ ఇంతకీ హొరేషియో ఏడీ అని మాత్రం అడగడు. అబ్బాయి చనిపోయాడన్న సంగతే అక్కడ రాజుకి తెలియదు!

ఇదీ నేను పట్టుకున్న కొస. పిచ్చి అన్న ముద్ర వేసింది హంతకుడే. అది వాడి చేతిలో కత్తి కంటే బాగా పనిచేసింది. హామ్లెట్ తండ్రిని చంపి రాజైన క్లాడియస్ చేసేదీ ఇంచుమించు ఇదే. పెద్దింటివాళ్ళ పిచ్చిని కనిపెట్టకుండా వదలకూడదంటాడు, హామ్లెట్‌ని ఇంగ్లండ్ పంపించేస్తాడు. (అక్కడైతే ఎవరూ గుర్తుపట్టరులే, అందరూ అలాంటివాళ్ళే అని సమాధులు తవ్వేవాడు జోకు వేస్తాడు. లండన్ ప్రేక్షకులు ఎంత నవ్వుకుని ఉంటారో.) తేడా ఏమిటంటే హామ్లెట్ పిచ్చి వేషం కట్టాడు, కావాలని. అందుకే మనకి ఆయన తెలివైనవాడిగా కనిపిస్తాడు. నిజంగా మతి పోయింది హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియాకి. హియరోనిమో భార్య ఇసబెల్లాకీ అంతే. కొడుకుని ఉరేసిన ఆ పందిరిని నరికేసి తనని తాను పొడుచుకుంటుంది. పగ తీరిన రోజు చూడటానికి ఆవిడ లేదు. ఈ నాటకాల్లో ఆడవాళ్ళకి పిచ్చి వస్తే దాని వెనక ఎత్తుగడ ఉండదు, చావు ఉంటుంది. ఈ విషయంలో కిడ్ మీదా షేక్‌స్పియర్ మీదా నాకు కోపమే.

మన పద్యనాటకాల్లో భీముడు నిండు సభలో తొడ విరగ్గొడతానంటాడు. ఎంత రంకెలేసినా ఆయన్ని పిచ్చివాడని ఎవరూ అనరు. ఆ శపథం చెయ్యడానికి ఒక సభ ఉంది, విన్న చెవులున్నాయి. హియరోనిమోకి ఆ సభే లేదు.

నాటకం మొత్తానికి నాకు నచ్చిన సీను అర్జీలది. ముగ్గురు ఊరివాళ్ళు బాకీలు, ఇంటి గొడవల కాగితాలతో వస్తారు. నీ అంత న్యాయం చెప్పేవాడు స్పెయిన్‌లో లేడంటారు. వెనక ఒక ముసలాయన మాట్లాడకుండా నిలబడి ఉంటాడు, పేరు బజుల్తో. అర్జీ విప్పి చూస్తే హత్యకి గురైన కొడుకు కోసం. కళ్ళు తుడుచుకోమని ఇవ్వబోయి హియరోనిమో జేబులోంచి తీసింది ఆ రక్తపు రుమాలు. అంతే, మిగతావాళ్ళ కాగితాలన్నీ పళ్ళతో చింపేస్తాడు. అయ్యో మా అర్జీలని వాళ్ళు మొత్తుకుంటే, కాగితానికి నేనేం గాయం చేశాను, ఒక్క రక్తపు చుక్క చూపించండి అంటాడు. తిరిగొచ్చి ఆ ముసలాయన్నే హొరేషియో అనుకుంటాడు, న్యాయం అడగడానికి వచ్చావా నాయనా అని. తీర్పు చెప్పే మనిషి తనే అర్జీదారు అయిపోయాడు. అక్కడ నాకు గొంతు పట్టేసింది, మా అమ్మాయి పక్కకి తిరిగి చూసింది.

జనం మాత్రం పిచ్చినే ఇంకా కావాలన్నారు. 1602 అచ్చుప్రతిలో కొత్త భాగాలు ఐదు చేరాయి, ఎక్కువ భాగం ఆయన మతి చలించిన ఘట్టాలే. 1615 ప్రతికి పేరే 'హియరోనిమోకి మళ్ళీ పిచ్చెక్కింది' అని తగిలించారు. అంటే అచ్చేసినవాళ్ళు కూడా లొరెంజో పక్షమే! రాసిన కిడ్ పేరు ఆ ప్రతుల మీద లేదు. 1593లో అధికారులు ఆయన్ని పట్టుకుని చిత్రహింసలు పెట్టారు, మరుసటి ఏడు పోయాడు.

చివర్లో హియరోనిమో కొలువులో నాటకం వేయిస్తాడు. హంతకులే వేషధారులు, పొడిచిన పోట్లు నిజమైనవి. రాజకుటుంబం భేష్ అంటుంది. అప్పుడు తెర తీసి కొడుకు శవం చూపిస్తాడు, జరిగిందంతా చెప్తాడు. అంతా విన్నాక కూడా ఎందుకు చేశావో చెప్పమని మళ్ళీ అడుగుతారు. నాలుక కొరికేసుకుంటాడు. ఆ తర్వాత హత్యతో సంబంధం లేని లొరెంజో తండ్రిని కూడా చంపుతాడు. ఆ చావుని నేను సమర్థించలేను. కానీ ఆ రెండోసారి అడగడం ఉంది చూశారూ, అది కొందరు పండితులు అచ్చులో జరిగిన గందరగోళం అంటారు. నా మటుకు అది అచ్చమైన ఆఫీసు వ్యవహారం.

ఈసారి ఉగాదికి మా తెలుగు సంఘం నాటక బృందానికి ఇరవై నిమిషాలిచ్చారు. ఆ అర్జీల సీను తెలుగులో వేద్దామని అడిగాను. "పండగ పూట ఏడుపెందుకండీ" అన్నారు కమిటీలో ఒకాయన. ఇంకా తేలలేదు. ఒప్పుకుంటే బజుల్తో వేషం నాది. మొదట్లో ఆయనకి మాటలేం లేవు, కాగితం పట్టుకుని వెనక నిలబడటమే. గుడ్డసంచి మా ఆవిడ కుట్టిపెట్టింది.