కంప మనది, కబాబు వాళ్లది

కడప జిల్లాకు రావాల్సినవి చాలా ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీకి 2007 నుంచి శంకుస్థాపనలు జరుగుతూనే ఉన్నాయి. వేసిన రాళ్లన్నీ ఒకచోట పేరిస్తే కనీసం ప్రహరీగోడన్నా లేచేది. ఆ బాకీల పద్దులో నేనొకటి చేర్చదలుచుకున్నాను. బార్బెక్యూకు మా జిల్లా పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లని ప్రభుత్వం ప్రకటించాలి. నవ్వకండి, నా దగ్గర ఆధారాలున్నాయి.

సర్కారు కంప అంటే తెలియనివాళ్లు రాయలసీమలో లేరు. వంకలో, చెరువులో, శ్మశానంలో, సగం కట్టి వదిలేసిన ప్రభుత్వ భవనంలో, ఎక్కడ చూసినా అదే. పుస్తకాల్లో దాని పేరు ప్రోసోపిస్ జూలిఫ్లోరా. ఈ దేశపు చెట్టు కాదు. 1877 ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ దొరలు వంటచెరకు కోసమని జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కమలాపురంలో నాటించారు. అవి ధాత కరువు రోజులు. తినడానికి గింజ లేని ఏట, కాల్చడానికి కట్టె మాత్రం ఓడెక్కి వచ్చింది. సర్కారు మొదలుపెట్టిన పనుల్లో మా జిల్లాలో ఇప్పటిదాకా ఆగకుండా సాగుతున్నది ఇదొక్కటే.

ఇక బార్బెక్యూ అనే మాట. అదీ ఆ సముద్రం నుంచి వచ్చిందే. కరీబియన్ దీవుల్లో టైనో తెగవాళ్లు కర్రలతో మన చేలో మంచె లాంటిది కట్టి, కింద మంటపెట్టి, పైన మాంసం, చేపలు కాల్చేవాళ్లు. వాళ్ల మాటను స్పానిష్‌వాళ్లు బార్బకోవా అని రాసుకున్నారు. జమైకా ఆ దీవుల్లోదే. కట్టె, మాట ఒకే ఊరివన్నమాట. టెక్సాస్‌లో ఈ కంపకు దాయాది అయిన మెస్కీట్ కట్టె మీద మాంసం కాలుస్తూ, ఆ పొగ వాసన గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారట. ఆ వాసన పీలుస్తూనే మేం పెరిగాం. నీళ్లు కాగబెట్టిన పొగ అనుకున్నామే గానీ, దానికి రేటు కట్టొచ్చని మాకు తట్టలేదు. కట్టె 1877లో దిగింది. మాట దిగడానికి ఇంకో 140 ఏళ్లు పట్టింది. మాట దిగినాకే బిల్లు మొదలైంది.

కర్నూలోళ్లు దీనికి ఒప్పుకోరని తెలుసు. కర్నూలు గుహల్లో ఆదిమానవుడు నిప్పు వాడిన బూడిద ఆనవాళ్లు దొరికాయి, కావాలంటే గ్రూప్స్‌కు చదివే ఏ పిల్లవాడినైనా అడగండి. కాబట్టి ముందు కాల్చుకు తిన్నది మేమే అని వాళ్లు వాదిస్తారు. పైగా గుహలున్న బేతంచెర్ల వైపు 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది. ఇక బూడిద ఎవరిదో వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. నేను ఆ తగాదాలో తలదూర్చను. బూడిద వాళ్లనే పెట్టుకోమనండి. బొగ్గు మాది.

ఇంత పరిశోధన ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలి. మొన్న మేలో మా తమ్ముడి కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ట్రీట్ అన్నాడు. పెద్దలూ పిల్లలూ కలిసి 7 మందిమి. మా జేజిని, అదే మా అవ్వను, కూడా బలవంతంగా కారెక్కించాం. కడపలోనే ఒక బార్బెక్యూ హోటలు, పేరు రాయను. మళ్లీ అటువైపు పోవాల్సిన వాడిని.

మా తమ్ముడు ముందురోజు రాత్రి నుంచే పస్తు. మహాశివరాత్రికి మధ్యాహ్నం రెండింటికే ఉగ్గాని బజ్జి తెప్పించుకునే మనిషి, ఆ ఆదివారం కాఫీ కూడా ముట్టలేదు. కారణం అడిగితే ఒకటే మాట, ‘గిట్టుబాటు కావాల గదా.’ ఈ మాట విలువ బయటివాళ్లకు తెలియదు. చీనీకాయలకు గిట్టుబాటు లేదు, పసుపుకు లేదు, ఉల్లిగడ్డకు లేదు. తాతల కాలం నుంచి ధర అవతలివాడు చెప్పడం, మనం తలూపడమే. కడుపు నిండా తిను, తలకింత కట్టు అనే బేరంలో మొదటిసారి గిట్టుబాటు మన చేతిలోకి, చేతిలోకి కూడా కాదు, నోట్లోకి వచ్చింది. మా వాడు దాన్ని వదిలేరకం కాదు.

లోపలికి పోయాం. బయట 43 డిగ్రీలు. ఆరుబయట ఒక గంట కూర్చుంటే ఏ ఖర్చూ లేకుండా మనమే రెండువైపులా కాలతాం. లోపల ఏసీ వేసి గది చల్లబరిచి, ఆ చల్లదనంలో టేబుల్ మధ్యన బొక్క చేసి, నిప్పుల పళ్లెం దించి, ఆ వేడికి మళ్లీ ఏసీ పెంచారు. ఈ ఇంజనీరింగును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను. జేజి ఆ నిప్పులను చూసి చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుంది. ‘పొయ్యి మన ముందర పెట్నారు. వంట చేసే ఆయమ్మ యాడికి పాయె?’ అనడిగింది. మనమే తిప్పుకోవాలని చెప్పాం. ఆమె ఏమీ అనలేదు. 60 ఏళ్లు పొయ్యి ముందు కూర్చుని, చివరికి ఒక పూట హోటలుకు తీసుకుపోతారని వస్తే, అక్కడా పొయ్యే.

సినిమాల్లో మా కడపోళ్ల చేతుల్లో ఏముంటుందో మీరంతా చూసే ఉంటారు. ఆ రోజు మా చేతికిచ్చింది కుంచె. నూనె, మసాలా కలిపిన గిన్నెలో ముంచి సీకు మీద పూయాలి. మా తమ్ముడు పండక్కి గోడకు సున్నం కొట్టినంత శ్రద్ధగా, మూలలు కూడా వదలకుండా రెండు పూతలు పూశాడు.

మొదట వచ్చింది మాంసం కాదు. అసలు కిటుకంతా ఇక్కడే. తియ్యటి చల్లనీళ్లు వచ్చాయి. తర్వాత మొక్కజొన్న. తర్వాత ఉర్లగడ్డ. తర్వాత ఇంత లావు అనాస ముక్కలు, కారప్పొడి చల్లుకుని, సీకుకు గుచ్చుకుని, అమాయకంగా. ఇవన్నీ చవకగా కడుపు నింపే సరుకులు. మటన్ వచ్చేసరికి పొట్టలో ఖాళీ ఉండకూడదు, అంతే. మా తమ్ముడు ఈ కుట్రను ముందే పసిగట్టాడు. ‘అనాస ఎవరూ ముట్టుకోవద్దండి’ అని గొంతు తగ్గించి ఆజ్ఞ జారీ చేశాడు. వాడి చిన్న కూతురికి మాత్రం అదే నచ్చింది. కాలి, అంచులు నల్లబడి, రసం కారుతూ నిజంగానే బాగుంది, నేనూ ఎవరూ చూడకుండా రెండు తిన్నాను. పాప ఆరు తినింది. మా తమ్ముడి ముఖం చూడాలి. ‘అది తినింది ఆరు ముక్కలు కాదన్నా, మూడు మటన్ సీకులు’ అన్నాడు. ఆ లెక్క ఎలా కట్టాడో గానీ తప్పు పట్టలేకపోయాను.

ఇప్పుడు జెండా సంగతి. టేబుల్ మీద చిన్న జెండా ఒకటి ఉంటుంది. నిలబడి ఉన్నంతసేపూ తెచ్చి పెడుతూనే ఉంటారు. చాలనుకుంటే పడుకోబెట్టాలి. ఆపేస్తారు. చూడటానికి చిన్న విషయమే. కానీ రాయలసీమ చరిత్రలో ‘చాలు’ అంటే ఆగిన వడ్డన ఇదే మొదటిది. మా వైపు ‘చాలు’ అనే మాటకు ‘ఇంకో గరిటె’ అని అర్థం. ‘వద్దు’ అంటే ‘రెండు గరిటెలు.’ చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదే పులుసు పోసే మేనత్తలున్నారు. ఒకసారి ప్రొద్దుటూరులో పెండ్లిలో ఆకు మీద బోర్లా వంగి కాచుకుంటే, ‘పాపం మొగమాటపడతాండాడు’ అని వెనకాల నుంచి భుజం మీదుగా ఓళిగ జారవిడిచారు. అలాంటి నేల మీద ఒక గుడ్డపీలికకు ఇంత అధికారం ఇచ్చారు. అసెంబ్లీలో మనవాళ్లు ఎగరేసిన ఏ జెండాకూ ఇంత పలుకుబడి లేదు.

తిరకాసు ఏమిటంటే, ఆ రోజు మా జెండా ఏసీ గాలికి దానంతటదే పడిపోయింది. మేం చూసుకోలేదు. సీకులు రావడం ఆగింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. పక్క టేబుల్ దాకా వచ్చిన మటన్ మా వైపు కన్నెత్తి చూడకుండా పోయింది. నిప్పుల మీద ఖాళీ. పిలిచి అడుగుదామంటే మొహమాటం. డబ్బులిచ్చి తింటున్న చోట ఎందుకంటారా? అది అడక్కండి, అది ఒంట్లో ఉంటుంది. చివరికి వడ్డించే అబ్బాయి వచ్చి ‘సార్, మీ ఫ్లాగ్ డౌన్‌లో ఉంది’ అన్నాడు. పాపం రాయచోటి పిల్లవాడు, కంపెనీ నేర్పిన మాటల్లోనే మాట్లాడాలి. తమ్ముడు జెండాను పైకి లేపి, దాని కాడకు ఉప్పు డబ్బా ఆనించి, ఇక పడదని తేల్చుకున్నాకే కూర్చున్నాడు.

జేజికి విషయం వివరించాం. ఆమె బాగా ఆలోచించింది. ‘పంద్రాగస్టుకు జెండా ఎగరేసి బిళ్లలు పంచేది చూసినా. కూరకు గూడా ఎగరేయాల్నా?’ అంది. తర్వాత ఆ అబ్బాయిని పిలిచి ‘నువ్వు తింటివా నాయనా?’ అనడిగింది. వాడు నవ్వి, నాలుగు దాటినాక తింటామన్నాడు. కంపెనీ నేర్పని మాట వాడి నోట అదొక్కటే వచ్చింది.

తిండి ఎలా ఉందో చెప్పకపోతే అన్యాయం. చికెన్ కాళ్లు బాగున్నాయి. మటన్ సీకు ఎండింది, అందులో మా తమ్ముడి రెండో పూత పాపం ఎంతుందో. సముద్రం ఎటుందో తెలియని ఊర్లో రొయ్య ఎంత ఉండాలో అంతే ఉంది. మా వీధి చివర సాయంత్రం అట్టముక్కతో నిప్పులు విసురుతూ సీకులు కాల్చే ఆయన దగ్గర కొవ్వు కరిగి నిప్పు మీద చుక్క పడితే ‘చుయ్’ మంటుంది. ఆ చప్పుడుకు అవతల గల్లీ పిల్లలు కూడా వస్తారు. ఆయన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క అడక్కుండానే వేస్తాడు. జెండా లేదు. ఇక్కడ ఆ చప్పుడు లేదు, ఎవరిదో పుట్టినరోజుకు సిబ్బంది కొట్టే చప్పట్లున్నాయి. అసలు భోజనాల వరుస దగ్గరికి పోయేసరికి బిర్యానీ వైపు చూసే ఓపిక కూడా ఎవరికీ లేదు. గులాబ్‌జామ్ మాత్రం రెండేసి తిన్నాం. దానికి వేరే పొట్ట ఉంటుంది.

బిల్లు వచ్చింది. 5 శాతం జీఎస్టీ సరే, సర్కారు వారి కంప. దాని పైన సర్వీస్ చార్జీ అని ఇంకో గీత. అది తప్పనిసరి కాదని 2022లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లవాళ్లు కోర్టుకు పోతే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఇదంతా నాకు కంఠతా వచ్చు, ఇంట్లో చాలాసార్లు ఉపన్యసించాను కూడా. ఉద్యోగం వాడిదైనా నోరు నాదే కదా అని గొంతు సవరించుకున్నాను. మేనేజరు వచ్చి ‘అవ్వకు నచ్చిందా సార్?’ అని నవ్వాడు. ఢిల్లీ దాకా పోయి గెలిచిన హక్కును కడపలో ఒక నవ్వుకు వదిలేశాను. పైగా ట్యాబ్ చేతిలో పెడితే ఐదు నక్షత్రాలూ నొక్కాను. సర్వీస్ చేసుకున్నది మేమే కాబట్టి ఆ నక్షత్రాలు మాకేనని సర్దిచెప్పుకున్నాను.

కారు వెనకవైపు సందులో పెట్టాం. అక్కడ వంటింటి తలుపు దగ్గర ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ మీద నుంచి బొగ్గు మూటలు దించుతున్నాడు. చేతులు మోచేతుల దాకా నలుపు. ఒక మూట చిరిగి నాలుగు బొగ్గులు కింద పడ్డాయి. ఒకటి తీసి చూశాను. తేలిగ్గా, గలగలమంటూ, బాగా కాలిన బొగ్గు.

‘సర్కారు కంపేనా అన్నా?’

‘మనకాడ ఇంకేముండాది సార్.’

‘యా ఊరు?’

‘కమలాపురం కాడ.’

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నా పరిశోధన మొత్తం ఎక్సెల్ బండి మీద ఎదురుగా నిలబడి ఉంది. గిట్టుబాటవుతుందా అన్నాను. కట్టె కొట్టి, పేర్చి, మన్ను కప్పి, పొగ తెల్లగా పోయి నీలంగా వచ్చేదాకా రాత్రుళ్లు కాపలా ఉంటే, కూలి పడుతుందన్నాడు. తర్వాత ఆయనే అడిగాడు, లోపల ఎట్లుంటుందని, ఒకసారి పిల్లోళ్లను తీసుకురావాలని ఉందని. టేబుల్ మధ్య నిప్పులు, సీకులు, కుంచె, మనమే తిప్పుకోవడం, అన్నీ చెప్పాను. ఆయన మూట దించడం ఆపి విన్నాడు.

‘అంటే బొగ్గులు నేనిచ్చి, కాల్చుకునేది మీరయితే, వాళ్లకు దుడ్లు యాలిస్తిరి సార్?’

నేను జవాబు వెతుక్కునే లోపల కారు అద్దం దిగింది.

‘జెండాకు నాయనా,’ అంది జేజి.