అలకపాన్పు ఎక్కిన ఎలక్ట్రానిక్ కాలర్ గారికి

జంతువుల అరుపులు మోగించి వేటను దగ్గరికి రప్పించే పెట్టె, మహారాజశ్రీ కాలర్ గారి సముఖానికి,

ఈ తెల్లవారుజామున అమెరికాలోని మోంటానా మంచులో, గాయపడ్డ కుందేలు ఏడుపు సగంలో ఉండగా తమరు నోరు మూసేశారు. నక్కలాంటి ఆ అడవి కుక్క, కయోటీ, అప్పటికి రెండొందల గజాల దూరంలో ఉంది, చెవులు నిక్కించి తమరి వైపే వస్తోంది. ఏడుపు ఆగేసరికి అదీ ఆగింది. గాలి వీచే దిక్కుకు చుట్టు తిరిగి, మనిషి వాసన పట్టి, చెక్కేసింది.

బయల్దేరేముందు బ్యాటరీ గీతలు నిండుగా చూపించారు కదా? బండిలోనూ చూపించారు. సున్నా ఫారెన్‌హీట్ చలిలో ఆ గీతలకు విలువేముంది! ఆల్కలైన్ సెల్‌లో ఉండేది నీళ్ల ద్రావణం. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, నిరోధం పెరుగుతుంది. సన్నగా పాడినంతసేపూ ఎలాగో నెట్టుకొస్తారు. గుట్ట అవతలికి వినిపించాలని వాల్యూమ్ పెంచగానే స్పీకర్ కరెంటు గుంజుతుంది, వోల్టేజీ కూలుతుంది, తమరు పడకేస్తారు. అవే సెల్స్ తీసి చంకలో వెచ్చబెడితే మళ్లీ నిండు గీతలు! చచ్చిపోతే పారేసి ఊరుకోవచ్చు, ఇది చావూ కాదు, బతుకూ కాదు.

లిథియం డబుల్ ఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. శబ్దాలు ఎన్నున్నాయో డబ్బా మీద బండ అక్షరాలతో అచ్చేసినవాళ్లకు ఈ ముక్క రాయడానికి చోటు దొరకలేదు. వాటిదీ ఓ తమాషా: ఆఖరిదాకా నిండుగానే చూపించి ఒక్కసారిగా కూలుతాయి. కాబట్టి గీతల్ని నమ్మకుండా జేబులో ఇంకో జత ఉంచుకోవాలి.

ఇక నీ రిమోట్. మధ్యలో చిన్న మిట్ట వచ్చినా, తడి పొద వచ్చినా చెవుడే. నేల మీద పెడితే మరీనూ, రెండు మూడడుగుల ఎత్తున కొమ్మకు తగిలిస్తే గానీ నీకు వినపడదు. ఊళ్లోవాళ్లందరూ అదే రికార్డింగు మోగించి మోగించి కయోటీలకు అది కంఠతా వచ్చేసింది, అది వేరే సంగతి. బాతుల వేటలోనైతే అమెరికా ఫెడరల్ నిబంధనలు నిన్ను గుమ్మమే తొక్కనివ్వవు.

నోటితో ఊదే ఓపెన్ రీడ్‌ను, అంటే కంపించే పలుచని రేకు (రీడ్) బయటికే ఉండే ఈలను, చూసి బుద్ధి తెచ్చుకో. పెదవి రీడ్ కొన దగ్గర నొక్కితే కుందేలు కీచు, లోపలికి జరిపితే కయోటీ ఊళ. ఊపిరి తడి గడ్డకట్టి దానికీ గొంతు పట్టేస్తుంది, నిజమే. రీడ్ కింద సన్న దారం లాగితే మళ్లీ పలుకుతుంది. రేకు గొట్టం లోపలే ఉండే మూసిన రీడ్ ఈలకైతే ఆ వీలు లేదు, అది లోపలి జేబులో వెచ్చగా ఉండాల్సిందే.

అయినా నిన్ను వదల్లేకపోవడానికి కారణం ఒకటుంది. చేత్తో పట్టి ఊదితే కయోటీ చూపు సూటిగా ఊదేవాడి మొహం మీదే పడుతుంది, చెయ్యి కదిలితే చాలు పరుగే. నువ్వు యాభై గజాల అవతల కూర్చుంటే ఆ చూపు నీ మీద పడుతుంది, తుపాకీ ఎత్తడానికి సందు దొరుకుతుంది. అందుకే రేపూ నీకే చోటు, కొత్త లిథియం సెల్స్‌తో. ఓపెన్ రీడ్ మాత్రం మెడలో వేలాడుతూనే ఉంటుంది. నువ్వు నోరు మూసిన రెండు మూడు సెకన్లలో అది అందుకుంటుంది, సన్నగా, చిట్టెలుక కీచులా.

ఇట్లు,
బటన్ నొక్కి నొక్కి బొటనవేలు కొంకర్లు పోయిన విధేయుడు